చూచువాని ఋణము

కన్నులున్న ప్రతివానికిని చూచుటకు హక్కు కలదని మనము సామాన్యముగా తలంచుచుందుము. ఒకరి సొమ్ము తీసికొనుట తప్పు. ఒక ప్రాణిని హింసించుట పాపము. కాని దూరమున నిలిచి చూచి సంతోషించువాడు ఎవరికేమి కొఱత చేయుచున్నాడు? వేటగాడు పక్షిని పట్టుకొని పోవును. చూపరి దానిని అచ్చటనే విడిచి తన దారిని తాను పోవును. కావున చూపునకు వెల లేదనియు, చూచినవానికి ఋణము లేదనియు లోకాభిప్రాయము. చాలకాలము నా యభిప్రాయమును అదియే.

ఈ యభిప్రాయమునకు ప్రాచీనుల మద్దతు కూడ కలదని నేను లోలోపల మురియుచుంటిని. ముండకోపనిషత్తునందు ఒకే చెట్టు నాశ్రయించిన రెండు పక్షుల ఉపమాన మొకటి కలదు. అందొకటి పండు తినును. రెండవది తినక ఊరక చూచుచుండును. తినునది కర్మఫలము లనుభవించు జీవుడనియు, చూచునది సాక్షియైన పరమాత్మ యనియు పెద్దలు వ్యాఖ్యానించిరి. ఆ వ్యాఖ్యానము లోతెట్లున్నను, బాధ్యత లేని యానందమును కోరు ప్రయాణికునకు ఈ రెండవ పక్షి పదవి మిక్కిలి ఇంపుగా నుండును. నేనును ఆ పదవిని కొన్ని దినము లనుభవింపదలచి, గత సంక్రాంతి సెలవులలో గుంటూరునుండి మోటారుసైకిలుపై ఒంటరిగా బయలుదేరితిని. శీతకాలమున మన దేశమునకు వచ్చు పక్షులను చూచుటయు, దారిలోని చిన్న చిన్న యూళ్ళలో రాత్రులు గడపుటయు నా సంకల్పము. అయిదు దినములు తిరిగి ఇల్లు చేరునప్పటికి ఆ పదవికి నేను తగనని తెలిసికొంటిని. అది యెట్లు తెలిసినదో చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ముందు ఒంటరితనమును గూర్చి ఒక మాట. విలియం హాజ్లిట్ అను ఆంగ్ల వ్యాసకర్త 1822 లో ప్రకటించిన యొక ప్రసిద్ధ వ్యాసమున, ప్రయాణము ఒంటరిగా చేయుటయే మేలని వాదించెను. తోడున్నచో కంటబడిన ప్రతి వస్తువును గూర్చి మాటలాడవలసి వచ్చుననియు, మాటలాడిన కొలదిని అనుభవము పలుచనగుననియు ఆయన తలపు. నలుబది యేండ్లు దాటి, దినమున కైదారు గంటలు తరగతిగదిలో గొంతు చించుకొనువానికి ఈ వాదము ఎంత తీపిగా నుండునో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. మోటారుసైకిలు ఈ యేకాంతమునకు మిక్కిలి యనుకూలమైన వాహనము. రైలులోను మోటారుకారులోను ప్రయాణికునకును ప్రపంచమునకును నడుమ అద్దమొకటి యుండును. ద్విచక్రవాహనమున కదియు లేదు. పుష్యమాసపు వేకువ చలి చొక్కాను దాటి యెముకలను తాకును. కాలువగట్టు దగ్గఱకు రాగానే గాలి చల్లబడును, ఊరు దగ్గఱకు రాగానే వెచ్చబడును. తడిసిన గడ్డివాసన, ఎండుచున్న చేపల వాసన, పొయ్యి పొగ వరుసగా పలుకరించును. ఇంత పలుకరింపు నడుమ మనిషి తాను ఎవరికిని చెందనివాడనని యనుకొనుట వింత. అయినను అట్లే యనుకొనును.

మొదటి మజిలీ ఉప్పలపాడు. ఇది గుంటూరునకు కొలది మైళ్ళలోనున్న గ్రామము. ఊరి చెఱువులోని చెట్లమీద ఎఱ్ఱకాళ్ళ కొంగలు, గూడబాతులు, తెల్లకంకణములు వేలకొలది గూళ్ళు కట్టుకొని యుండును. అడవిలో గాక ఇండ్ల నడుమ నుండుటయే ఇచ్చటి విశేషము. గట్టుమీద నిలిచినవానికి పిల్లలకు చేప నందించుచున్న తల్లికొంగ ఎంత స్పష్టముగా కనబడునో, దాని వెనుక పెరటిలో అంట్లు తోముకొనుచున్న ఇల్లాలు నంత స్పష్టముగా కనబడును. నేను మొదటిదానినే చూచితిని. అచ్చటి గాలిలో రెట్టకంపు దట్టముగా నిండి యుండెను. అరగంట నిలుచునప్పటికే నేను రుమాలు ముక్కున కడ్డము పెట్టుకొంటిని. ఆ యింటివారికి రుమాలు లేదు. వారికది అరగంటతో తీరునదియు కాదు. ఈ సంగతి అప్పుడు నా కన్నులలో పడినది గాని బుద్ధిలో పడలేదు.

మఱునాడు నేలపట్టు చేరితిని. ఇది నాయుడుపేటకును సూళ్ళూరుపేటకును నడుమ నున్నది. గూడబాతులు గూళ్ళు కట్టు స్థలములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. 1976 నుండి పక్షిరక్షణ కేంద్రముగా నున్నది. చెఱువు నీటిలో మునిగి నిలిచిన చెట్ల కొనలపై ఆ బరువైన పక్షులు కూర్చుండి యుండగా, కొమ్మలెట్లు విఱుగకున్నవో యని యాశ్చర్యము కలుగును. ముక్కు క్రింది సంచిలో చేపలను తెచ్చి పిల్లల కందించు విధము చూచుచు ఎంతసేపైన నిలువవచ్చును. ఈ పక్షుల రెట్టచే చెఱువునీరు సారవంతమై పొలములకు బలమిచ్చును. ఇట్టి సంబంధము క్రొత్తది కాదు. నేలపట్టునకు దక్షిణమున చెంగల్పట్టు సీమలో వేడంతాంగల్ అను గ్రామమున్నది. అచ్చటి చెఱువు పక్షులను సిపాయిలు కాల్చుచుండగా, రైతులు తమ పొలములకు కలుగు నష్టమును విన్నవించుకొని 1798 ప్రాంతమున అప్పటి కలెక్టరు లయొనెల్ ప్లేసు వలన పక్షులను కాపాడు హక్కుపత్రమును సంపాదించిరి. మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972 లో వచ్చినది. దానికి నూటడెబ్బది యేండ్లకు పైగా పూర్వమే, చదువెఱుగని రైతులు పక్షి పక్షమున అర్జీ పెట్టుకొనిరన్నమాట. చూచుటకై వచ్చు నావంటివాని కొఱకు వారాపని చేయలేదు. పక్షికిని పైరునకును మనిషికిని గల లెక్క వారికి తెలియును గనుక చేసిరి.

అదే దినము మధ్యాహ్నము సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు దారిపై నిలిచితిని. ఇరుప్రక్కలను పులికాటు సరస్సు. మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలుకకు తరువాత ఇదియే పెద్దది. లోతులేని నీటిలో ఫ్లెమింగో పక్షులు బారులు తీరియుండెను. మనవారు వీనిని రాజహంసలనియు వ్యవహరించుచున్నారు. పొడవైన మెడను వంచి, తలను తలక్రిందుగా నీటిలో నుంచి, ముక్కుతో నీటిని వడగట్టి, సన్నని పురుగులను నాచును తినుట వీని యలవాటు. ఆ యాహారములోని వర్ణద్రవ్యమే వీని రెక్కలకు గులాబిరంగు నిచ్చును. తిన్నదే రంగగుట మనుష్యులయందును కలదు గాని ఇంత అందముగా నుండదు.

ఆ దారిప్రక్కను బండి నిలిపి, దూరదర్శిని కన్నుల కద్దుకొని, నేను పరమానందభరితుడనై యుంటిని. కాని నేను నిలిచినది దేనిమీద? ఆ రోడ్డు సరస్సునకు అడ్డముగా పోసిన కట్ట. శ్రీహరికోటలో రాకెట్టు కేంద్రము నిర్మించునప్పుడు ఈ దారి వేసిరి. అది సరస్సు ఉత్తరభాగమున నీటి రాకపోకలకు అడ్డుపడినదని పరిశీలకులు చాలకాలముగా చెప్పుచునే యున్నారు. ఆ దీవియందు తరతరములుగా నివసించిన యానాదులును తమ తావులు విడువవలసి వచ్చినది. రాకెట్టు కేంద్రము దేశమునకు గర్వకారణము. దానిని నేను నిందించుటలేదు. నేను చెప్పునది ఇంతే: ఏ కట్ట పక్షుల మేతను తగ్గించుచున్నదో, ఆ కట్టయే నాకు వేదిక. అది లేనిచో ఆ పక్షుల నంత సుఖముగా చూడజాలను. నా చూపు ఒకరి నష్టముపైనెక్కి నిలిచి చూచుచున్నది. ఉపనిషత్తులోని రెండవ పక్షి కట్టుకొన్న కొమ్మ మొదటి పక్షిని ఆకలిగొల్పినట్లు ఎచ్చటను చెప్పలేదు.

మూడవదినము వేంకటగిరి, రాజంపేట, కడప, మైదుకూరు మీదుగా నంద్యాల వెళ్ళితిని. చిన్నయూళ్ళను గూర్చి నేను చేసిన యపరాధమును ఇచ్చట నొప్పుకొనవలెను. నేలపట్టులో ఒక గూటినెదుట గంటన్నర కదలక నిలిచినవాడను, మగ్గపు నేతకు పేరుపొందిన వేంకటగిరిలో తేనీరు త్రాగుటకు పట్టినంతసేపే నిలిచితిని. ఆ తేనీటిలో చక్కెర ఎక్కువయ్యెనని సణుగుకొంటిని. పక్షి గూడు కట్టుట చూచుటకు మూడువందల మైళ్ళు పోవుదుము. మనిషి చీర నేయుట చూచుటకు వీధి మలుపు తిరుగము. పక్షిని చూచునప్పుడు మనకుండు ఓర్పు, మౌనము, వినయము మనిషి యెదుటకు రాగానే ఎచ్చటికి పోవును? పక్షి యెగిరిపోవునని భయపడుదుము. మనిషి యెచ్చటికిని పోడని ధీమాగా నుందుము. ఈ ధీమాలో తిరస్కార మున్నది. బసలో దుప్పటి మాసినదని, వేడినీరు ఆలస్యమైనదని, వడ్డించువాడు మందుడని మనము వ్రాసికొను దినచర్యలను చదివినచో, ఆ యూళ్ళు మన సౌకర్యము కొఱకే పుట్టి ఆ పనియందును తప్పినట్లు తోచును.

నాలుగవదినము సాయంకాలము రోళ్ళపాడు చేరితిని. అచ్చటనే నాకు బుద్ధి వచ్చినది.

రోళ్ళపాడు నందికొట్కూరు ప్రాంతమందలి పచ్చికబయలు. బట్టమేక పిట్ట యనబడు మహాపక్షి కొఱకు 1988 లో దీనిని రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నిది యొకటి. మగపక్షి పదునైదు కిలోల వరకు తూగును. ఏటికి సామాన్యముగా ఒక్క గ్రుడ్డే పెట్టును, అదియు నేలమీద. సలీం అలీ దీనిని జాతీయపక్షిగా గ్రహింపవలెనని కోరెను. 1963 లో ఆ గౌరవము నెమలికి దక్కినది. నేడు బట్టమేకలు దేశమంతటను రెండువందలకు లోపుగనే మిగిలియున్నవి. వానిలో చాలభాగము రాజస్థానమునందే. అచ్చటను విద్యుత్తు తీగలకు కొట్టుకొని చచ్చుచుండగా, తీగలను భూమిలో పాతవలెనని సుప్రీముకోర్టు 2021 లో నాదేశించి, 2024 లో ఆ యుత్తరువును సవరించి నిపుణుల సంఘమును నియమించినది. రోళ్ళపాడులో నాకు బట్టమేక కనబడలేదు. కనబడునను నాశయు నాకు లేకుండెను. దాని కొఱకు వెలసిన బయలున్నది, బయలుకు దాని పేరున్నది, అది లేదు.

ఉన్నవి కృష్ణజింకలు. రక్షణ వలన వాని సంఖ్య పెరిగినది. పెరిగి, చుట్టుప్రక్కల చేలమీద పడినవి. పైరు పోయిన రైతు ఆ బయలును తన కొఱకు ఏర్పడిన శిక్షగా తలచుటలో వింత యేమున్నది? కాలువల నీరు వచ్చిన పిదప జొన్న, కొఱ్ఱ మొదలగు మెట్టపైరులు తగ్గి, ప్రత్తివంటి పైరులు పెరుగుటయు పక్షికి ప్రతికూలమయ్యెను. ఏడాదికి నాలుగు వేల రూపాయలు మిగులు చోట నలువది వేలు మిగుల్చు పైరు వేయవలదని రైతుతో చెప్పుటకు నాకు నోరాడదు. అయినను ఆ పైరుమార్పులో ఒక పక్షి ఇల్లు పోయినది. ఎవరును దుష్టులు కాకయే గొప్ప నష్టము జరుగవచ్చునని ఈ బయలు బోధించుచున్నది.

శీతకాలమున మధ్య ఆసియా బయళ్ళనుండి హేరియర్ అను సన్నని గద్దజాతి పక్షులు ఇచ్చటికి వచ్చును. పగలంతయు చేలపై తక్కువ యెత్తున తేలుచు మిడుతలను చిన్నప్రాణులను వేటాడి, ప్రొద్దు గ్రుంకు వేళకు పదులకొలదిగా చేరి, నేలమీద గడ్డిలో పరుండును. చెట్టెక్కని గద్దలు! ఆ దృశ్యమును చూడవలెనని నేను ఏండ్ల తరబడి కోరుకొనుచుంటిని. రోడ్డుమీద నిలిచియుండగా దూరమున రెండు మూడు వాలినవి, తరువాత పది, తరువాత ఇరువది. ప్రొద్దు చల్లబడుచున్నది. దూరదర్శినిలో వాని కన్నులు కనబడుటలేదు. ఇంకొక్క రెండువందల గజములు పోయిన చాలుననిపించెను. నడచిపోవునంతలో చీకటి పడునని తొందర కలిగెను. బండిని బాటనుండి దింపి, బీడుగుండా గడ్డియంచు వరకు పోనిచ్చితిని.

అన్నియు ఒక్కసారిగా లేచెను. గడ్డిలోనుండి అన్ని రెక్కలు నిశ్శబ్దముగా లేచుట ఎంత యందముగా నుండెనో చెప్పజాలను. ఆ యందమును చూచి మొదటిక్షణమున నేను సంతోషించితిని గూడ. ఆ సంతోషమును తలచుకొన్నప్పుడే నాకు ఇప్పటికిని సిగ్గగును. అవి తిరిగి తిరిగి, వాలబోయి మానుకొని, వెలుగు చాలనంతవరకు ఆకసముననే యుండెను. తుదకు చీకటిలో ఎచ్చటికో చెదరిపోయెను.

గొఱ్ఱెలను మఱలించుకొని పోవుచున్న వృద్ధుడొకడు ఇదంతయు చూచి నాయొద్దకు వచ్చెను. కోపగింపలేదు. "ఏం సారూ, నువ్వు పండుకునే యాళకు ఎవరన్నా బండేసుకొనొచ్చి నీ యింట్లో దూరితే నీకు నిద్ర పడతాదా? అవి ఇంక ఈ రేత్రికి యాడ వాలాల?" అని యడిగెను. నేను బదులు చెప్పలేక, "తప్పయింది పెద్దాయనా" అంటిని. మాటమార్చుటకై, ఇచ్చట తోడేళ్ళు కనబడునా యని యడిగితిని. ఆతడు నవ్వి, "మీకు తోడేలు కనపడితే సంతోసం. మాకు కనపడితే ఆ దినం ఒక గొఱ్ఱె పోయినట్టే" అనెను.

నేను చదివిన ధర్మశాస్త్రములన్నిటికంటె ఈ వాక్యము నన్నెక్కువ కలచినది. నా సంతోషమునకును ఆతని గొఱ్ఱెకును ఇంత సూటియైన సంబంధమున్నదని నేనెన్నడును ఆలోచింపలేదు. తోడేలు బ్రతికియుండవలెనని కోరువాడను నేను. దాని యాహారమును సమకూర్చువాడు ఆతడు. ఉప్పలపాడు ఇల్లాలు భరించు కంపు, రోళ్ళపాడు రైతు పోగొట్టుకొను పైరు, ఈ కాపరి గొఱ్ఱె—ఇవియే నా చూపు యొక్క వెల. వెల లేదని నేననుకొన్నది, దానిని ఇతరులు చెల్లించుచున్నందువలన.

ఒంటరితనపు గర్వమును ఆ రాత్రియే తీరినది. బీడులో త్రొక్కిన తుమ్మముల్లు వెనుకచక్రమును తీసెను. శనగచేనినుండి మఱలుచున్న ట్రాక్టరువారు నలుగురు పట్టి బండిని ట్రాలీ మీదికెత్తి నందికొట్కూరు చేర్చిరి. పంక్చరు వేయు కుఱ్ఱవాడు మూసిన కొట్టును మఱల తెఱచి, చలిలో నేలమీద కూర్చుండి పని ముగించి, అందఱియొద్దను తీసికొనునంతయే తీసికొనెను. నన్ను తెచ్చినవారు డబ్బులు తీసికొనకయే వెళ్ళిరి. హాజ్లిట్ మహాశయుడు ఒంటరి ప్రయాణమును గూర్చి వ్రాసినదంతయు నిజమే కావచ్చును గాని, ఆయన నడచిన దారి నెవరో వేసియుండిరి, ఆయన దిగిన సత్రమున ఎవరో వంట చేసియుండిరి. ఒంటరియనువాడు తనకు తోడుపడినవారిని లెక్కింపనివాడు, అంతకంటె వేఱుకాదు.

ఆత్మకూరు చేరునప్పటికి అడవి గేటు వేసియుండిరి. అచ్చటనుండి దోర్నాలకు పోవు దారి నల్లమలగుండా, నాగార్జునసాగరము–శ్రీశైలము పులుల రక్షితారణ్యము నడుమనుండి పోవును. 1983 నుండి రక్షణలో నున్న ఈ యరణ్యము విస్తీర్ణమున దేశమందలి అట్టివానిలో మిక్కిలి పెద్దది. రాత్రివేళ వాహనములను పోనీయరు. చీకటిలో దీపముల వెలుగునకు కన్నులు చెదరి దారిపై నిలిచిపోయిన జంతువులు చక్రములక్రింద పడుచుండుటయే కారణము. ఇంతకు మునుపైనచో ఆ గేటును చూచి నేను ఉసూరుమనియుందును. ఆ రాత్రి అది నాకు న్యాయముగా తోచినది. రెండుగంటల క్రితము బీడు అంచున నా మనస్సునం దుండవలసిన గేటు అది. కావలివారిని పలుకరించి, ఊళ్ళోనే బస చేసితిని. దుప్పటి మాసియుండెను. హాయిగా నిద్రపట్టినది.

ఆ రాత్రి నాకు కాళిదాసు జ్ఞప్తికి వచ్చెను. శాకుంతలము ప్రథమాంకమున దుష్యంతుడు రథమెక్కి లేడిని తరుముకొనుచు వచ్చును. తాపసులు అడ్డు నిలిచి, ఇది ఆశ్రమమృగము, చంపవలదందురు. చక్రవర్తి వెంటనే బాణము నుపసంహరించును. ఈ భాగమును అందఱును మెచ్చుకొందురు. నేనును తరగతిలో మెచ్చుకొనుచు చెప్పితిని. కాని దాని తరువాతి చిన్న సంగతిని అంతగా గమనింపము. చంపుట మానిన తరువాత కూడ రాజు రథముతో ఆశ్రమము చొఱబడలేదు. తపోవనవాసులకు బాధ కలుగకుండుటకై రథమును దూరముననే నిలిపించి, విల్లును ఆభరణములను సారథి చేతికిచ్చి, వినీతవేషముతో నడచిపోయెను. చంపకుండుట ధర్మములో మొదటిమెట్టు. రథమును దూరమున నిలుపుట రెండవమెట్టు. మేము వేటగాండ్రము కామని తృప్తిపడు మనము మొదటిమెట్టుననే కూర్చుండి, రథముతో ఆశ్రమములో తిరుగుచున్నాము.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలుగవచ్చును. చూచుటయే యపకారమైనచో అందఱును ఇండ్లలో కూర్చుండవలెనా? వలదు. చూడకుండుటలోను దోషమున్నది, బహుశః పెద్దదే. బట్టమేక మన నేలనుండి తొలగుచుండగా దాని పేరైన నెఱిగిన తెలుగువారెందఱు? చూడనిదానిని ప్రేమింపము, ప్రేమింపనిది పోయినను తెలిసికొనము. నా విద్యార్థులు ఏనుగును సింహమును బొమ్మలలో గుర్తింతురు. బడిగోడమీద వ్రాలిన పిట్ట పేరు చెప్పలేరు. కావున చూడవలెను, మఱింత మంది చూడవలెను. కాని అప్పు తీసికొన్నవాడు అప్పని యెఱిగి తీసికొనవలెను.

మన పూర్వులు గృహస్థునకు పంచయజ్ఞములు విధించిరి. అందు భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము ప్రక్కప్రక్కనే యుండును. కాకికొక ముద్ద వేసి మొదటిది ముగిసెననియు, అతిథికొక పూట పెట్టి రెండవది ముగిసెననియు మనము అనుకొనుచున్నాము. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచుటలోని మర్మమును రోళ్ళపాడు కాపరి నాకు తెలిపెను. ప్రాణులకు చేయు మేలును పేదవాని గొఱ్ఱెతో చేసి, పుణ్యమును మనము వ్రాసికొనుట యజ్ఞము కాదు. కాపరి కోల్పోయిన గొఱ్ఱెకును రైతు కోల్పోయిన పైరునకును ప్రభుత్వమిచ్చు పరిహారమును దయగాను దానముగాను ఎంచుట మానవలెను. అది మనమందఱము పడిన బాకీ. బాకీదారు బాకీ తీర్చుటకు అప్పిచ్చినవానిని పదిమాఱులు కచేరి మెట్లెక్కించుట ఏ ధర్మము? పక్షులను ప్రేమించు సంఘములు పక్షుల పక్షమున వ్రాయు అర్జీలలో సగమైనను ఈ కాపరుల పక్షమున వ్రాసినచో పక్షులకే మేలు కలుగును. వేడంతాంగల్ రైతులు రెండువందల యేండ్లకు పూర్వమే ఈ రెండును ఒక్క అర్జీయని యెఱిగియుండిరి.

మఱునాడు తెల్లవారినపిదప గేటు తీసిరి. పొగమంచులో మెల్లగా పోయితిని. దుప్పులు కొన్ని దారి దాటుచుండగా దూరముననే యంత్రమాపి నిలిచితిని. అవి నన్నొకసారి చూచి, తొందరపడకయే పోయెను. పులి కనబడలేదు. అడవిలో కావలికాయు వారిలో పలువురు చెంచులు; ఒకచోట ఇద్దఱు మంట కాచుకొనుచుండిరి. ఆగి పలుకరించి, వారితోపాటు కొంతసేపు కూర్చుంటిని. వారు జంతువులను గూర్చి గాక, తమ పిల్లలకు బడి ఎంతదూరమో చెప్పిరి. నేను విన్నాను. అంతకుమించి చేసినదేమియు లేదు. కాని ఆ యైదుదినములలో ఒక మనిషి యెదుట గూటినెదుట నిలిచినట్లు నిలిచినది అదియే మొదటిసారి.

మార్కాపురములో మధ్యాహ్నభోజనము. ఈ యూరు రాతిపలకలకు పేరు. నేను అక్షరములు దిద్దిన పలక ఇచ్చటి రాయియే యని పెద్దలు చెప్పుచుండెడివారు. ప్లాస్టిక్ పలకలు, కాగితపు పుస్తకములు వచ్చి ఆ పరిశ్రమ క్షీణించినది. ఎన్నియోసారు లీ యూరిమీదుగా పోయితిని గాని, నా చదువు మొదలైన రాయి ఎట్టి చేతులలో చదునయ్యెనో చూడవలెనని తోచలేదు. ఆ దినము మాత్రము దిగి, ఒక కొట్టులో ఇంకను మిగిలియున్న రాతిపలకను రెండింటిని కొని, అమ్మువానితో గంటసేపు మాటలాడితిని. ఇల్లు చేరుటకు ఆలస్యమైనది.

కాపరి ఋణమును, ట్రాక్టరువారి ఋణమును ఏదోవిధమున తీర్చుకొనవచ్చును. ఆ గద్దల ఋణము మాత్రము తీరునది కాదు. చలికాలము ముగియగానే అవి హిమాలయములకావలి తమ బయళ్ళకు పోయియుండును. ఆ రాత్రి ఎచ్చట వాలెనో, ఎన్ని వాలెనో నాకు తెలియదు. మఱల శీతకాలము వచ్చును, అవియు వచ్చును. అప్పుడు వానికి నేను చేయగలిగిన యుపకార మొక్కటియే: నేను వచ్చితినని వానికి తెలియకుండ వచ్చి, పోవుట.